తిరిగే ఎర్రలైటుకి ఎల్‌ఈడీ: పాత సీల్డ్ బీమ్ బీకన్‌ని మార్చే పద్ధతి

పాత పోలీసు కారు, ఫైరింజన్ కప్పు మీద తిరిగే లైటుకి ఎల్‌ఈడీ వెయ్యాలనుకున్నవాళ్లు ముందు బల్బు వెతుకుతారు. బల్బు తెచ్చి బిగిస్తారు, స్విచ్ వేస్తారు, లైటు తిరుగుతూ మిణుకుమిణుకుమంటుంది. బల్బు చెడ్డదని ఇంకోటి తెస్తారు, అదీ అంతే. చాలాసార్లు తప్పు బల్బుది కాదు. లైట్లు బిగించిన తిరిగే పళ్లానికి కరెంటు చేరే దారిలో, అంటే బ్రష్షులోనో (ఒరుసుకుంటూ కరెంటు అందించే కార్బన్ ముక్క), అది ఒరుసుకునే లోహపు స్లిప్ రింగులోనో, బేరింగు గుండా వెళ్లే ఎర్తులోనో ఉంటుంది. పాత ఫిలమెంటు వేడెక్కాక మూడు నాలుగు మిల్లీసెకన్లు కరెంటు తెగినా చల్లారదు, అందుకే యాభై ఏళ్లుగా ఆ లూజ్ కాంటాక్ట్ ఎవరి కంటా పడలేదు. ఎల్‌ఈడీ మాత్రం తెగిన క్షణంలోనే ఆరిపోతుంది. అందుకే ఈ పనిలో బల్బు మార్చడం చివరి మెట్టు, దాని ముందున్నదంతా కరెంటు దారి బాగుచెయ్యడమే.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది అమెరికన్ ఫెడరల్ కంపెనీ బీకన్ రే తరహా లైటు. డోమ్ (పైన ఉండే రంగు మూత) కింద గుండ్రటి పళ్లెం, దాని మీద పార్-36 సైజు సీల్డ్ బీమ్ లైట్లు (ఫిలమెంటు, అద్దం, గాజు ఒకే ముద్దగా మూసేసినవి), మోడల్ని బట్టి రెండో, మూడో, నాలుగో ఉంటాయి. అదే కంపెనీ ట్విన్‌సోనిక్ బార్లలోనూ (కప్పు మీద అడ్డంగా ఉండే పొడవాటి రకం) ఈ సైజు లైట్లే, మధ్యలో అద్దాలు అదనం. పార్ పక్కన ఉండే అంకె అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్క. 36 అంటే నాలుగున్నర అంగుళాల వ్యాసం. మన దగ్గర పాత అంబాసిడర్లు, అంబులెన్సుల మీద కనిపించే ఒంటి బల్బు రివాల్వింగ్ లైటు వేరే రకం, దాని సంగతి చివర్లో.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు

భారతదేశంలో 2017 మే 1 నుంచి మంత్రులు, అధికారులు సహా ఎవరి కారు మీదా ఎర్రబుగ్గ లేదు. అత్యవసర సేవల వాహనాలకే ఇలాంటి లైట్లు. కాబట్టి సొంత పాత కారు మీద పెట్టి రోడ్డెక్కే ఆలోచన ఉంటే మానుకోండి, ఇది షెడ్డులోనో, ప్రదర్శనలోనో, బల్ల మీదో వెలిగించే లైటు. అమెరికాలో ఉన్నవాళ్లకి రాష్ట్రానికో రూలు, పాత పోలీసు కారైనా సరే చాలాచోట్ల రోడ్డు మీద డోమ్‌కి గుడ్డ కప్పాలి, లేదా వైరు తీసెయ్యాలి. ఇంకా డ్యూటీలో ఉన్న బండి మీది లైటుని ఇలా మార్చకూడదు. లైటుకి ఇచ్చే ఆమోదం ఏ బల్బుతో పరీక్షిస్తే ఆ బల్బుకే. బల్బు మారితే ఆ ఆమోదం పోయినట్టే.

రెండో మాట, వోల్టేజీ. 1950ల మధ్య దాకా వచ్చిన చాలా అమెరికన్ బండ్లు 6 వోల్టులవి. 1955 దాకా వచ్చిన ఫోర్డులకైతే బాడీకి పాజిటివ్ కలిపి ఉంటుంది. మన ఫైరింజన్లు, లారీ ఛాసిస్ మీద కట్టిన బండ్లు 24 వోల్టులవి కావచ్చు. లైటు అడుగున ఉన్న ప్లేటు చదవండి, మోటారు మీద రాసింది కూడా చదవండి. ఈ వ్యాసంలో లెక్కలన్నీ బాడీకి నెగటివ్ కలిసిన 12 వోల్టుల బండికి.

కావలసినవి

నాలుగు పార్-36 ఎల్‌ఈడీ లైట్లు. కరెంటు పరిమితి పెట్టుకోగల 5 ఆంపియర్ల బెంచ్ సప్లై. మల్టీమీటర్. డమ్మీ లోడుకి (పరీక్షలో ఎల్‌ఈడీల బదులు కరెంటు తీసుకోవడానికి) ఒక 21 వాట్ల ఇండికేటర్ బల్బు, హోల్డరుతో. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు పోగులు రాలని గుడ్డ. 600, 1000 నంబర్ల అల్యూమినియం ఆక్సైడ్ పేపరు. 1 చదరపు మిల్లీమీటరు సిలికాన్ వైరు రెండు మీటర్లు, రింగు థింబుల్స్, హీట్ ష్రింక్ స్లీవు. 2200 మైక్రోఫారడ్, 35 వోల్టులు, 105 డిగ్రీల కెపాసిటర్లు రెండు. 1ఎన్5822 షాట్కీ డయోడు ఒకటి. 0.47 ఓమ్, 5 వాట్ల రెసిస్టరు ఒకటి. 1.5కేఈ20ఏ సర్జ్ డయోడు (వోల్టేజీ ఒక్కసారి ఎగిస్తే అడ్డుకునేది) ఒకటి. మోటారుకి 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటరు. ఎలక్ట్రానిక్స్ సామాను అంతా హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట ఒక్క పూటలో దొరుకుతుంది, దొరకనిది పార్-36 ఎల్‌ఈడీ. దాన్ని తెప్పించుకోవాల్సిందే.

ఎల్‌ఈడీ ఎంపిక: రంగు, కోణం, లోతు

ఇక్కడ చేసిన తప్పుని తర్వాత ఏ వైరింగూ సరిచెయ్యలేదు.

రంగు ముందు. ఎర్ర డోమ్ కొత్త రంగు పుట్టించదు, లోపలి వెలుగులోంచి ఎరుపుని వదిలి మిగతాది మింగేస్తుంది. ఫిలమెంటు వెలుగులో ఎరుపు పుష్కలం, అందుకే ఆ డోమ్ అంత మండిపోయేది. తెల్ల ఎల్‌ఈడీ పుట్టడమే నీలం చిప్పు మీద పసుపు పూతతో, అందులో ఎరుపు తక్కువ. నమ్మకం లేకపోతే చీకట్లో డోమ్ వెనక ఫోన్ టార్చి పట్టుకుని చూడండి: కాంతి చాలామటుకు చస్తుంది, డోమ్ వెలిసిపోయి ఉంటే మాసిన గులాబీ రంగులోకి దిగుతుంది. కాబట్టి ఎర్ర డోమ్ కింద 620–630 నానోమీటర్ల ఎర్ర ఎల్‌ఈడీ. నీలం డోమ్ కింద నీలం ఎల్‌ఈడీ, లేకపోతే 6000 కెల్విన్ పైబడిన చల్లటి తెలుపు. తెల్లటి పారదర్శక డోమ్ కింద పాత కళ కావాలంటే 2700–3000 కెల్విన్ వెచ్చటి తెలుపు. కాషాయం డోమ్‌కి అంబర్ ఎల్‌ఈడీ మంచిది, వెచ్చటి తెలుపు కూడా పర్వాలేదు.

తర్వాత కోణం. పార్-36 పేరుతో మార్కెట్లో ఎక్కువగా దొరికేవి ట్రాక్టరు పని లైట్లు, తోట లైట్లు. రెండూ వెలుగుని పరిచేవే, 30 నుంచి 60 డిగ్రీల దాకా. తిరిగే లైటుకి కావలసింది కొరడాలాంటి సన్నటి కిరణం. లెక్క చూడండి. నిమిషానికి 45 చుట్లు తిరిగితే సెకనుకి 270 డిగ్రీలు. 10 డిగ్రీల కిరణం చూసేవాడి కంటి మీదుగా 37 మిల్లీసెకన్లలో దాటిపోతుంది. నాలుగు లైట్లు ఉంటే మళ్లీ 333 మిల్లీసెకన్లకి ఇంకోటి వస్తుంది, మధ్యలో చీకటి. అదే 40 డిగ్రీల లైటు వేస్తే ఒక్కోటి 148 మిల్లీసెకన్లు కంట్లోనే ఉంటుంది. చీకటి సగం కరిగిపోతుంది, లైటు కొట్టదు, ఊగుతుంది. 'స్పాట్' అని, 12 డిగ్రీల లోపు అని రాసి ఉన్నదే కొనండి.

విమానాల ల్యాండింగ్ లైట్లుగా అమ్మే పార్-36 ఎల్‌ఈడీలు సన్నటి కిరణంలో వీటన్నిటికంటే మేలు. కానీ అవి ఎదురుగాలి తగులుతూ చల్లబడాల్సినవి, కరెంటూ బాగా తింటాయి. మూసిన డోమ్ కింద పెడితే పది నిమిషాల్లో వేడెక్కి తమంతట తామే వెలుగు తగ్గించుకుంటాయి. ఒక్కోటి 5–8 వాట్లు ఉంటే ఈ పనికి చాలు.

లోతు చాలామంది కొలవరు. ఎల్‌ఈడీ వెనక అల్యూమినియం రెక్కలు ఉంటాయి. పళ్లెం మీద లైట్లు వీపులు కలిపి కూర్చుంటాయి కాబట్టి పాత గాజు లైటు అంచు నుంచి వెనక మరల చివరి దాకా ఎంతో కొలిచి, కొత్తది అంతకు మించకుండా చూసుకోండి. మించితే రెక్కలు ఎదుటి లైటుకో, ఇరుసుకో తగులుతాయి.

చివరగా, లైటు మీద 9–30 లేదా 10–30 వోల్టులు అని రాసి ఉండాలి. '12 వోల్టులు' అని మాత్రమే ఉన్నవి పాత డైనమో బండి మీద ఎక్కువకాలం బతకవు.

విప్పడం

డోమ్ పట్టీ మరకి ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె పట్టించండి. పాత ప్లాస్టిక్ డోమ్‌ని చలిలో విప్పకండి, కాసేపు ఎండలో పెట్టి విప్పితే పగలదు. డోమ్ కడగడానికి సబ్బు నీళ్లే. ఆల్కహాల్, పెట్రోలు, థిన్నరు తగిలితే వారం తిరక్కుండా సన్నటి పగుళ్లు వలలా పాకుతాయి, అవి పాలిష్‌కి పోవు.

గాజు లైట్లు తీసేటప్పుడు కళ్లద్దాలు, గ్లౌజులు పెట్టుకోండి. రింగు పట్టేస్తే సుత్తి జోలికి వెళ్లొద్దు, నూనె వేసి ఆగండి. ప్రతి లైటూ ఏ గూట్లోది, ఏ వైపు పైకి ఉంది, వెనక ఏ మరకి ఏ వైరు అన్నది ఫోన్లో ఫోటో తీసుకోండి. పాత లైట్లు పగలగొట్టి లోపల ఎల్‌ఈడీ పెడదామన్న సలహాలు వినబడతాయి, వద్దు. గాలి తగిలిన అద్దం పూత మసకబారుతుంది, ఒరిజినల్ కూడా చేతిలోంచి పోతుంది.

కరెంటు దారి: అసలు పని ఇదే

కింద స్థిరంగా ఉన్న భాగం నుంచి పళ్లానికి పాజిటివ్ ఒక కార్బన్ బ్రష్షు ద్వారా వెళ్తుంది. తిరుగు దారి, అంటే ఎర్తు, చాలా మోడళ్లలో బేరింగు గుండానే వస్తుంది. బేరింగులో ఉన్నది కందెన. అందులోంచి కరెంటు వచ్చిందంటే బంతులు ఎక్కడో ఇనుముకి ఇనుము తగులుతున్నాయి కాబట్టి, ప్రతి క్షణం తగులుతాయన్న హామీ లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. పార్-36 లో 4416 నంబరు పాత లైటు 12.8 వోల్టుల దగ్గర 30 వాట్లు తీసుకుంటుంది. నాలుగింటికి 120 వాట్లు, అంటే 9 ఆంపియర్ల పైచిలుకు. స్విచ్ వేసిన క్షణాన చల్లటి ఫిలమెంటు ఇంకా ఎన్నో రెట్లు లాగేది. ఆ ఒరవడికి కాంటాక్టు మీద పేరుకున్న చిలుము కాలిపోయేది, పాత లైటు తన దారి తానే ఊడ్చుకునేది. నాలుగు 6 వాట్ల ఎల్‌ఈడీలు కలిపి 2 ఆంపియర్లు కూడా దాటవు, ఆ కొంచెం కరెంటు చిలుముని కాల్చలేదు. కొత్త బల్బు వేసిన మొదటి నెల బాగుండి తర్వాత మిణుకు మొదలైందంటే కారణం ఇదే.

పరీక్ష ఇలా. ఓమ్‌మీటరుతో చూడకండి, దాని చిటికెడు కరెంటు మోసం చేస్తుంది. పళ్లెం మీద ఒక లైటు గూట్లో 21 వాట్ల బల్బుని డమ్మీ లోడుగా కలపండి, అది తీసుకునేది రేపటి ఎల్‌ఈడీలంత. మోటారు వైరు తీసేసి, బల్బుకి 12 వోల్టులు ఇవ్వండి. మల్టీమీటరు ఒక మొన అడుగున వైరు వచ్చే చోట, రెండోది పళ్లెం మీద బల్బు పాజిటివ్ దగ్గర. పళ్లాన్ని చేత్తో 15 డిగ్రీల చొప్పున తిప్పుతూ 24 చోట్ల వోల్టేజీ రాసుకోండి. 0.1 వోల్టు లోపుంటే భేష్. 0.3 దాటిన చోటల్లా లోపమున్నట్టు. ఎర్తు వైపూ ఇదే చెయ్యండి. ఎక్కువసార్లు పాజిటివ్ వైపు బాగుండి, ఎర్తు వైపు ఒకటి రెండు చోట్ల ముల్లు గెంతుతుంది.

రింగు శుభ్రం చెయ్యడానికి ముందు ఆల్కహాల్ గుడ్డ. గీతలు ఉంటే 600, తర్వాత 1000 పేపరు సన్నటి ముక్క వేలి కింద పెట్టి, పళ్లాన్ని మోటారుతోనే తిప్పండి. స్టీలు ఊలు వాడితే దాని వెంట్రుకలు మోటారులోకి పోయి షార్టు చేస్తాయి. బ్రష్షు కొత్త పొడవులో మూడో వంతుకి వస్తే మార్చెయ్యండి. ఇంత తక్కువ వోల్టేజీకి రాగి కలిసిన కార్బన్ బ్రష్షు సరైనది, మిక్సీ మోటారు బ్రష్షు కోసి పెడితే దాని నిరోధం ఎక్కువ. కొత్త బ్రష్షు ముఖం రింగు వంపుకి కూర్చోవాలంటే రింగు మీద 600 పేపరు గరుకు వైపు బ్రష్షుకేసి పరిచి, నాలుగైదు సార్లు తిప్పండి. నల్లటి పొడిని ఊదకుండా వాక్యూమ్‌తో లాగండి. రింగు మీద ఏ గ్రీజూ వద్దు.

ఎర్తుకి మాత్రం కొత్త దారి వెయ్యాల్సిందే. రెండు మార్గాలున్నాయి. ఇరుసు చివర ఒరుసుకునేలా 0.3 మిల్లీమీటర్ల ఫాస్ఫర్ కంచు పట్టీ బిగించి, దాని నుంచి బాడీకి వైరు వెయ్యడం ఒకటి. ఇరుసు బోలుగా ఉంటే 12.5 మిల్లీమీటర్ల క్యాప్సూల్ స్లిప్ రింగు లోపల పెట్టడం రెండోది. అందులో ఒక్కో వైరు సాధారణంగా 2 ఆంపియర్లు మోస్తుంది. పాజిటివ్‌కి రెండు, నెగటివ్‌కి రెండు జంటగా కలిపితే హాయిగా సరిపోతుంది. 120 వాట్ల పాత లైట్లతో ఇది కుదిరే పని కాదు, ఎల్‌ఈడీ వల్లే వీలైంది. లైటు రోజూ తిరిగేదైతే ఈ రెండోదే మా ఓటు. ఏడాదికి నాలుగు రోజులు తిరిగేదైతే కంచు పట్టీ చాలు.

పళ్లెం మీద చిన్న సర్క్యూట్

బ్రష్షు ఎంత బాగున్నా బండి కుదుపుకి ఎప్పుడైనా గెంతుతుంది. ఆ క్షణాన్ని దాటించేది కెపాసిటర్. వరుస ఇది: బ్రష్షు నుంచి వచ్చిన పాజిటివ్, 0.47 ఓమ్ రెసిస్టరు, 1ఎన్5822 డయోడు (గీత ఉన్న వైపు లైట్లకి), ఆ తర్వాత కెపాసిటర్లు రెండూ పాజిటివ్‌కి, పళ్లెం ఎర్తుకి మధ్య, అక్కడి నుంచి నాలుగు లైట్లకి నాలుగు వైర్లు.

రెసిస్టరు లేకుండా కెపాసిటరు పెట్టకండి. స్విచ్ వేసినప్పుడల్లా ఖాళీ కెపాసిటరు ఒక్కసారి లాగి బ్రష్షు అంచుని కొరుకుతుంది. డయోడు లేకపోతే కెపాసిటర్లో దాచిన కరెంటు వెనక్కి మోటారుకి పారిపోతుంది. సప్లై 13.8 వోల్టులున్నప్పుడు రెసిస్టరు, డయోడు కలిసి వోల్టున్నర దాకా తింటాయి, లైట్ల దగ్గర 12.3 మిగులుతుంది. అక్కడి నుంచి 9.5 కి పడేలోపు రెండు కెపాసిటర్లు 24 వాట్ల లోడుని సుమారు 5 మిల్లీసెకన్లు మోస్తాయి. బ్రష్షు గెంతుకి అది చాలు, పాడైన రింగుకి చాలదు. రెసిస్టరు 2 వాట్ల దాకా వేడి పుట్టిస్తుంది, ప్లాస్టిక్‌కి, వైర్లకి ఆనకుండా లోహపు పళ్లానికి పట్టీతో బిగించండి.

కెపాసిటర్లు రెండిటినీ ఇరుసుకి అటొకటి, ఇటొకటి పెట్టండి. రెండూ ఒకే వైపు పెడితే పళ్లెం తూగు పోతుంది.

1.5కేఈ20ఏ డయోడుని అడుగు భాగంలో, పాజిటివ్ వచ్చే చోట, బాడీకి అడ్డంగా పెట్టండి, గీత పాజిటివ్ వైపు. 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ మోటారు రెండు కొనల మధ్య, వైర్లు వీలైనంత పొట్టిగా. మోటారు బ్రష్షుల రవ్వలు పుట్టించే వోల్టేజీ ముళ్లు ఎల్‌ఈడీ డ్రైవర్లని (లైటు లోపల కరెంటుని అదుపు చేసే చిన్న సర్క్యూట్లని) మెల్లగా చంపుతాయి. వెంటనే కాదు, రెండు మూడు నెలలకి ఒక్కో లైటు చొప్పున.

బిగించే ముందు బల్ల మీద

ప్రతి ఎల్‌ఈడీని విడిగా వెలిగించండి. సప్లైలో కరెంటు పరిమితి 1 ఆంపియరు పెట్టి, 10, 12, 14.5 వోల్టుల దగ్గర ఎంత కరెంటు తీసుకుందో రాసుకోండి. మంచి డ్రైవరైతే వోల్టేజీ పెరిగేకొద్దీ కరెంటు తగ్గాలి. పెరుగుతూ పోతే లోపల ఉన్నది వట్టి రెసిస్టరే. ఇక చీకటి గదిలో వెలిగిన లైటుని అడ్డంగా విసురుగా ఆడించండి. వెనక గీత అఖండంగా ఉంటే మంచిది, పూసల దండలా తెగితెగి కనిపిస్తే ఆ లైటు కరెంటుని తెంచితెంచి ఇస్తోంది. ఇంట్లో గోడ మీద లైటుకి ఫరవాలేదు గానీ ఇక్కడ కుదరదు. 200 హెర్ట్జ్ వేగంతో, అంటే సెకనుకి 200 సార్లు తెంచితే, 37 మిల్లీసెకన్ల మెరుపులో పడేవి ఏడెనిమిది తునకలే. ఒకసారి ఎనిమిది, ఒకసారి ఏడు పడి ప్రతి మెరుపూ ఒక్కో రకంగా ఉంటుంది.

పోలారిటీ కూడా ఇప్పుడే చూడండి. కొన్ని లైట్లు ఎటు కలిపినా వెలుగుతాయి, కొన్నిటికి కూడిక గుర్తు ఉన్న మరకే పాజిటివ్.

నాలుగింటినీ వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచండి. ఎదురెదురుగా కూర్చునే జంట మధ్య తేడా 5 గ్రాములు దాటితే తేలికైన దాని వెనక చిన్న వాషర్లు చేర్చండి.

బిగించి, గురి పెట్టడం

లైటు వెనక మరలకి రింగు థింబుల్స్, మీద స్లీవు. వైరుని లైటు కదలికకి సరిపడా వదులుంచి, పళ్లానికి రెండు చోట్ల కట్టండి. విడిగా వేలాడే వైరు డోమ్ లోపల రాసుకుని పదిహేను రోజుల్లో తొక్క ఊడుతుంది.

గోడకి 5 మీటర్ల దూరంలో లైటుని మట్టంగా పెట్టి, లైట్ల మధ్య ఎత్తుని గోడ మీద సుద్దముక్కతో గీయండి. పళ్లాన్ని చేత్తో తిప్పి, ఒక్కో లైటు మచ్చ నడిమి ఆ గీత మీదకి వచ్చేలా గూడు మరలు సర్దండి. నాలుగూ ఒకే ఎత్తులో కొడితేనే దూరం నుంచి సమానంగా కనిపిస్తాయి.

పాత 15 లేదా 20 ఆంపియర్ల ఫ్యూజు తీసేసి 5 ఆంపియర్లది వెయ్యండి. పాతది అలాగే ఉంచితే ఇప్పుడు వేసిన సన్న వైరు కాలే దాకా అది తెగకపోవచ్చు.

రెండు గంటలు ఆగకుండా తిప్పి, ఆపిన వెంటనే లైట్ల వెనక రెక్కలు ముట్టుకోండి. వేలు నిలవకపోతే డోమ్ లోపల వేడి ఎక్కువైనట్టు, వాటేజీ తగ్గించాలి. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఇబ్బంది వానాకాలంలో వస్తుంది. పాత లైట్ల 120 వాట్ల వేడికి డోమ్ లోపలి తేమ ఆరిపోయేది, ఇప్పుడు ఆరదు. అడుగున నీళ్లు కారే రంధ్రం మూసుకుపోయి ఉంటే తెరవండి, రబ్బరు గాస్కెట్‌కి సిలికాన్ గ్రీజు రాయండి.

ఒంటి బల్బు రివాల్వింగ్ లైటైతే

అంబాసిడర్లు, పాత అంబులెన్సుల మీద ఉండే ఈ రకంలో బల్బు కదలదు, దాని చుట్టూ అద్దం తిరుగుతుంది. కాబట్టి బ్రష్షు, రింగు బెడద లేదు. కష్టమంతా బల్బు ఆకారంలోనే. పిన్ను రకం 21 వాట్ల బల్బులో ఫిలమెంటు పిన్నుల నుంచి 31.8 మిల్లీమీటర్ల ఎత్తులో, హెచ్1 అనే హాలోజన్ బల్బులో అడుగు రేకు నుంచి 25 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అద్దం గురి సరిగ్గా అక్కడికే. ఎల్‌ఈడీ చిప్పులు ఆ ఎత్తులో గుమిగూడి ఉండాలి. పైనుంచి కింద దాకా చిప్పులు అతికించిన మొక్కజొన్న కంకి బల్బు ఎంత వెలిగినా కిరణం కట్టదు.

రెండు వైపులే చిప్పులున్న పలక బల్బు ఇక్కడ ఇంకో వేషం వేస్తుంది. అద్దం పలకకి ఎదురుగా వచ్చినప్పుడు పూర్తి వెలుగు, అంచు వైపు వచ్చినప్పుడు సగం. బండి ముందు నిలబడ్డవాడికి లైటు బ్రహ్మాండం, పక్కన నిలబడ్డవాడికి నీరసం. నాలుగు ముఖాలు ఉన్నది తీసుకోండి. వెనక ఫ్యాను, పెద్ద డబ్బా ఉన్న బల్బు అద్దం తిరిగే దారికి అడ్డొస్తుందేమో చేత్తో ఒక చుట్టు తిప్పి చూశాకే మోటారు వెయ్యండి.

తేడా వస్తే ఎక్కడ చూడాలి

ప్రతి చుట్టులో ఒకే చోట మిణుకుమంటే రింగు మీద ఆ చోటే గీతో, మచ్చో ఉంది. ఎక్కడపడితే అక్కడ మిణుకుమంటే ఎర్తు. ఆపేశాక కూడా లైట్లు మసగ్గా వెలుగుతుంటే స్విచ్‌లోనో, రిలేలోనో తడి వల్ల కరెంటు కారుతోంది, ఫిలమెంటుకి చాలని ఆ కొసరు ఎల్‌ఈడీకి సరిపోతుంది. బండి రేడియోలో గుర్రుమంటే మోటారుది కావచ్చు, ఎల్‌ఈడీ డ్రైవర్లది కావచ్చు. మోటారు వైరు తీసి వినండి, ఆగిందో లేదో తెలిసిపోతుంది. లైట్లు వేశాక పళ్లెం మునుపటి కంటే వేగంగా తిరుగుతున్నట్టుంటే కంగారు పడకండి. పాత సన్న వైర్ల మీద 9 ఆంపియర్ల బరువు తగ్గి, మోటారుకి వోల్టేజీ బాగా అందుతోందంతే.

పాత లైట్లని ఏ గూటివో రాసి, బట్టలో చుట్టి డబ్బాలో పెట్టండి. అడుగు ప్లేటు లోపల ఒక చీటీ అంటించండి: ఎల్‌ఈడీ వాటేజీ, రెసిస్టరు, కెపాసిటర్ల విలువ, ఫ్యూజు 5 ఆంపియర్లు, చేసిన తేదీ. ఎవరో గూళ్లలో మళ్లీ 4416 లు బిగించి స్విచ్ వేస్తే ముందు తెగేది ఆ ఫ్యూజు, దాని బదులు పెద్ద ఫ్యూజు వేస్తే కాలేది ఆ రెసిస్టరు, డయోడు.